గోడ ఎక్కని గుర్రాలు

“మళ్లీ చచ్చాయి,” అంది గిజ్లాన్.

తెర మీద గుర్రాలు ఊరి గోడ దాకా దూసుకొచ్చి, అక్కడ ఏం చెయ్యాలో తోచక గిరగిరా తిరుగుతున్నాయి. పైనుంచి తూటాలు కురుస్తున్నాయి. పక్క కుర్చీలో అన్వార్ పుదీనా టీ చప్పరిస్తూ నవ్వాడు. కోట గోడ ముందు రౌతుల బలం సగానికి పడిపోవాలన్న నియమం అతను పెట్టిందే.

“చావాలి మరి. గుర్రం గోడ ఎక్కుతుందా? నిచ్చెన మోస్తుందా? దారులు కాయడానికి, ధాన్యం బళ్లు ఆపడానికి పనికొస్తుంది. అంతే.”

“ఈ ఒక్క ఊరికి ఆ నియమం తీసెయ్యి అన్వార్. గుర్రాలే గోడ కూల్చేశాయని చూపిద్దాం. ఆటే కదా!”

“ఆటైతే మాత్రం? చూసినవాళ్లు నవ్విపోరూ?”

ఆ ఒక్క ఊరు ఇంకేదో కాదు, వాళ్లిద్దరూ పుట్టిన సిద్రా కోట. ఇద్దరూ కలిసి తయారుచేస్తున్న ఈ కంప్యూటర్ ఆటని రేపు జాతరలో, గుర్రాల మీద తుపాకీ విన్యాసాలు అయ్యాక, కోటగోడకి తెల్లగుడ్డ కట్టి ఊరందరికీ చూపిస్తారు. కొండ రౌతులు ఒక్క రాత్రిలో ఈ కోటని ఎలా గెలిచారన్నదే ఆట. అన్వార్‌ది ఆ రౌతుల వంశం. గిజ్లాన్‌ది ఆ రాత్రి వాళ్లకి కోట తలుపు తీశాడని చెప్పుకునే కాపలావాడి వంశం. రెండూ ఊరందరికీ తెలుసు. మొదటిది పాటగా పాడతారు, రెండోది పరాచికంగా వాడతారు. గిజ్లాన్ తండ్రి బూశ్తా టీ కొట్లో అడుగు పెట్టాడంటే చాలు, “తలుపు వేసి వచ్చావా బూశ్తా?” అని ఎవడో ఒకడు అరుస్తాడు. మిగతావాళ్లు పగలబడి నవ్వుతారు. పాపం, ఆయన కూడా నవ్వుతాడు. ఇంకేం చేస్తాడు?

“రేపు మా నాన్న వస్తానన్నాడు,” అంది గిజ్లాన్ మెల్లగా. “జాతరకి రావడం ఎప్పుడో మానేశాడు. నా ఆట చూడ్డానికని వస్తున్నాడు. ఊరందరి ముందూ ఆయన పరువు తియ్యకు.”

“నేనేం తీశాను? చరిత్ర మరి.”

“పోనీ, ఆకలికి లొంగిపోయారని పెడదాం.”

“కోతలైన నెల అది. గాదెలు నిండుగా ఉన్నాయి. గుర్రాలకే మేత దొరక్క రౌతులు వెనక్కి మళ్లబోయారని పాటలోనే ఉంది. కాబట్టి లోపలివాడే తలుపు తీశాడు. ఇంకో దారి లేదు.”

“తీసినవాడైతే ఆ గుమ్మంలోనే చచ్చి ఎందుకు పడున్నాడు?”

“సొంత ఊరినే అమ్మినవాణ్ణి ఎవరు నమ్ముతారే? పనవగానే నరికేశారు.”

గిజ్లాన్ చెవులు ఎర్రబడ్డాయి. తను చెయ్యని తప్పుకి, తను చూడని మనిషి కోసం సిగ్గుపడటం ఆమెకి ఉగ్గుపాలతో అబ్బింది. అన్వార్ గీసిన బొమ్మని ఆటలో పెట్టింది. ఒక చేతిలో లాంతరు, ఇంకో చేతిలో మూరెడు తాళంచెవి ఉన్న మనిషి.

“తాళంచెవి బాగా కుదిరింది కదూ?” అన్నాడు అన్వార్. “మా ఇంట్లో గోడకి వేలాడేదే చూసి గీశా. మావాళ్లు గెలిచి తెచ్చుకున్నది.”

“రౌతుల ఇల్లంటావు, మీ ఇంట్లో జీను ఒక్కటి కూడా లేదేం?”

“తోలు ఎలకలు తినేస్తాయి. ఇనుము మిగులుతుంది. అయినా మేమేం పగ పెట్టుకోలేదమ్మా. ప్రతి పండక్కీ మా తాత మీ ఇంటికి పొట్టేలు తొడ పంపించట్లేదూ?”

“మా నాన్న దాన్ని ముట్టుకోడు. పక్కింట్లో ఇచ్చేస్తాడు.”

మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. అన్వార్ తాత హజ్ మిలూద్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. రేపు జాతరలో చూపించే తాళంచెవిని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. గిజ్లాన్ లేచి కుర్చీ ఇచ్చింది. “బతుకు తల్లీ,” అన్నాడు కానీ, ఎప్పటిలాగే ఆమె మొహం కేసి చూడలేదు.

“సరైన సమయానికి వచ్చావు తాతా! చూడు!”

తెర మీద లాంతరు కదిలింది. తాళంచెవి తిరిగింది. తలుపు తెరుచుకుంది. గుర్రాలు వరదలా లోపలికి పడ్డాయి. అన్వార్ చప్పట్లు కొట్టాడు.

“ఎలా ఉంది? పచ్చి నిజం!”

“ఆ లాంతరు వాడెవడు?” అన్నాడు ముసలాయన.

“కాపలావాడు. వీళ్ల నాన్నకి ముత్తాత.”

“కాపలావాడి దగ్గర రాత్రిళ్లు తాళంచెవి ఉండనిచ్చేవారు కాదురా. చీకటి పడగానే ఊరిపెద్ద ఇంటికి చేర్చేవారు.”

“అయితే అక్కడ కొట్టేసి ఉంటాడు. ద్రోహికి దొంగతనం ఒక లెక్కా?”

గిజ్లాన్ కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతుంటే ముసలాయన చూశాడు. ఒళ్లో ఉన్న గుడ్డ విప్పి, తాళంచెవిని ఆమె బల్ల మీద పెట్టాడు. ఇనుము బల్లకి తగిలి ఠంగుమంది.

“వాడికి మొహం పెట్టలేదేం?”

“బూశ్తా మామ మొహం పెడదామనుకున్నా తాతా. ఈవిడ ఒకటే ఏడుపు. ఇంకెవరి మొహం పెట్టమంటావు?”

ముసలాయన తల దించుకున్నాడు.

“నా మొహం పెట్టరా, ఆ తలుపు తీసినవాడు మా తాత.”