మైకులో మాత్రమే

టూర్ కంపెనీ పెద్దలూ, మిమ్మల్నే అంటున్నాను. మనిషి చేతికి జెండా ఇచ్చి నోటికి తాళం వేసింది మీరు. ఆ తాళంచెవి జేబులో వేసుకుని ఫొటోలకి నవ్వింది మీరు. ఇది మీ బస్సులోనే జరిగింది. వినండి.

ఆ బస్సుకి గైడు ఒక అమ్మాయి. యాత్రికుల భాష వచ్చినవాళ్ళు కావాలని యాత్రికుల దేశం నుంచే గైడ్లని తెచ్చుకుంది కంపెనీ. దిగిన రోజే ఆమె పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలోకి వెళ్ళింది. ఫోనూ అంతే. ఇంటి నుంచి మంచీ చెడూ కబురే లేదు. టూరిస్టులతో ఏం మాట్లాడినా మైకులోనే మాట్లాడాలి. అదీ చూపించే కట్టడాల గురించే. పక్కకి వెళ్ళి ఒక్క మాట అన్నా నేరం. గైడ్లు టూరిస్టుల్లో కలిసిపోయి జారుకుంటారని కంపెనీ భయం. దొంగకే కదా తలుపు గడియల మీద అంత శ్రద్ధ.

కాపలాకి డ్రైవరు వెనక సీట్లో ఇన్‌చార్జి ఒకడు కూర్చుంటాడు. ఈసారి టూరు మొదలయ్యేముందు గైడుతో ఒక మాట చెప్పాడు. ఇది మచ్చ లేకుండా ముగిస్తే పాస్‌పోర్టు తీసుకుని ఇంటికి పో. మచ్చ పడిందా, ఇక్కడే ఉంటావు. ఎన్నాళ్ళని అడిగితే భుజాలెగరేశాడు.

సరిగ్గా ఆ టూరులోనే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒక ముసలాయన తగులుకున్నాడు.

టైలరు. ఎదురొచ్చినవాడి చొక్కాని చూపుతోనే కొలిచేస్తాడు. ఆయన జబ్బు ఒకటే. ఏది చూపించినా తన ఊళ్ళో చోటుతో పోలుస్తాడు. అదీ గొంతెత్తి, బస్సంతా వినేలా. మర్నాటికల్లా పోలికల తాత అని పేరు పెట్టేశారు.

రాజమహలు దగ్గర గైడు గోపురాల గురించి చెబుతోంది. తాత అందుకున్నాడు.

"ఏముందమ్మా ఇందులో. మా స్టేషను వెనక గోడౌను మీద సాయంత్రం ఎండ పడితే దీన్ని తలదన్నేది. మొన్నే దానికి నీలం రంగు కొట్టారు."

యాత్రికుల్లో ఒక బట్టల షాపాయన పగలబడి నవ్వాడు. "తాతా, విమానమెక్కి ఇంత దూరం వచ్చింది మీ గోడౌను చూడ్డానికా?"

వంతెన దగ్గరా అదే వరస. తమ రేవులో పడవలు కట్టే గొలుసు మీద పిల్లలు ఊగేవాళ్ళనీ, గొలుసు తీసేశారు గానీ ఇనప గుంజ అలాగే ఉందనీ. పార్కులో పూల గడియారం చూపిస్తే తమ వీధిదీపం కింద రాతిబల్ల దీనికంటే చల్లన అన్నాడు. ఇప్పుడు దాని మీద కాళ్ళు బారజాపుకుని కూర్చోవచ్చట. బోలెడు చోటుందట.

గైడు పళ్ళ బిగువున భరించింది. "పెద్దాయనా, లైన్లో ఉండండి" అని మైకులో కసిరింది కూడా. ఆయన వింటేగా. ఆయాసపడుతూ వచ్చి ఆమె జెండా పక్కనే నిలబడతాడు. ఒకసారి ఆమె యూనిఫాం భుజం పట్టుకుని, ఈ కొలతలు తీసినవాడెవడమ్మా, ఇంత వదులేమిటి అన్నాడు. ఆడపిల్ల మీద చెయ్యేమిటని బస్సులో ఆడవాళ్ళు మండిపడ్డారు. ఇన్‌చార్జి ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి ఆఖరి సీట్లో కూలేశాడు. తిరిగొస్తూ గైడు చెవిలో, ముసలాడి నోరు నువ్వు మూయిస్తావా, నీ సంగతి నేను చూడనా అన్నాడు.

ఆమె మొహాన కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

బస్సులో అందరికీ జాలి ఆమె మీదే. ఈ ముసలాడు పాపం ఆ పిల్ల నోటికాడి కూడు తీసేలా ఉన్నాడు, మతి లేని మనిషిని ఇంట్లోవాళ్ళు ఎలా పంపారో అని గొణుక్కున్నారు.

చివరి రోజు కోట. కట్టించిన రాజు కథ చెబుతోంది గైడు. ఈసారి తాత గొంతెత్తలేదు. మెల్లగానే అన్నాడు.

"మా షాపు మెట్లంత హాయి ఎక్కడా లేదమ్మా. లోపల నేను కత్తిరిస్తుంటే మెట్ల మీద కూచుని మా ఇంటామె కాజాలు కుట్టేది. ఇప్పుడు కాజాలు బయటికిస్తున్నాను."

గైడు రాజు పేరు తప్పు చెప్పింది. సరిదిద్దుకోబోయి తడబడింది.

"బయటికెందుకు?" అంది మైకులోనే.

తాత నేలచూపులు చూశాడు. "దానికి చూపు ఆనడం లేదులే."

ఇన్‌చార్జి చప్పట్లు కొట్టి అందర్నీ బస్సెక్కమన్నాడు. ఇక నేరుగా ఎయిర్‌పోర్టుకే. అందరూ ఎక్కారు, తాత తప్ప. బస్సు మెట్టు మీద కూలబడి తలుపు కమ్మీ పట్టుకున్నాడు. లోపలికి లాగబోయారు. వేళ్ళు వదల్లేదు. జన్మంతా కత్తెర పట్టిన చెయ్యి మరి. విమానం వెళ్ళిపోతుందని లోపల గోల. బట్టల షాపాయనకి కూడా నవ్వు రాలేదు. తాతా, నీకు దండం పెడతాను, ఎక్కు అన్నాడు.

ఇన్‌చార్జి జేబులోంచి పాస్‌పోర్టు తీశాడు. గైడుదే. ఆమె కళ్ళ ముందు ఆడించాడు.

"వీణ్ణి కిక్కురుమనకుండా విమానం దాకా చేర్చు, ఇది నీది. మైకు పక్కన పెట్టి ఒక్క మాట మాట్లాడావో, నీ ఎదురుగానే చించేస్తాను."

ఆమె దాని వంక చాలాసేపు చూసింది. ఇంటికి దారి అదొక్కటే. అట్ట మీద తన వేలిముద్రల జిడ్డు కూడా ఇంకా పోలేదు.

మైకు కట్టేసింది. మెట్టు దగ్గర గొంతుక్కూర్చుంది. కమ్మీ మీంచి ముసలాయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అబద్ధాలు చాలు నాన్నా, అమ్మ ఎప్పుడు పోయిందో ఇప్పుడే, ఇక్కడే చెప్పు."