కదలని ఆకుపచ్చ కారు

“ఆ బండెక్కితే వీడు తిన్నగా శవపేటికలోకే దిగుతాడు,” అంది మ్యూరియెల్, కెటిల్‌లో నీళ్లు పోస్తూ.

“ముందు అది కదలాలిగా!” అన్నాడు ఆమె భర్త వాల్టర్, పేపర్లోంచి తలెత్తకుండా.

నిజమే. నలభై దాటిన వాళ్లబ్బాయి ఏడ్రియన్ ఆ రెండు సీట్ల ఆకుపచ్చ కారు కొని పద్నాలుగు నెలలైంది. అరవైల నాటి బండి. పైన కప్పు లేదు, సీటు బెల్టుల్లేవు. అమ్మినాయనే దాన్ని నడుపుకుంటూ తెచ్చి, షెడ్డులో పెట్టి, బస్సెక్కి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి స్టార్టయితే ఒట్టు.

ఆదివారానికో కారణం. ఓసారి చెమ్మ, ఓసారి పెట్రోలు, ఓసారి వైర్లు. ఒక చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, రెండోది గాల్లో ఊపుతూ గంటసేపు చెప్పేవాడు ఏడ్రియన్. ఆ తర్వాత తోలు గ్లవ్సు తొడుక్కుని పాతకార్ల క్లబ్బుకి బస్సులో వెళ్లేవాడు.

“ఆ గ్లవ్సు చూసి బస్సు డ్రైవరు తన సీటే ఇచ్చేస్తాడేమో!” అనేవాడు వాల్టర్.

మ్యూరియెల్‌కి నవ్వొచ్చేది కాదు. ఏదో ఒకరోజు అది కదులుతుంది. వాన, మలుపు, ఎదురుగా పాల లారీ... అంతవరకూ ఊహించుకుని చేతిలో కప్పు జారవిడిచేది.

ఈ ఆదివారం క్లబ్బులోని ముసలి మెకానిక్ సిడ్ పిలవకుండానే వచ్చాడు. ఏడ్రియన్ వద్దంటున్నా వినకుండా ఇంజిను మూత ఎత్తాడు. రెండు నిమిషాలు చూశాడు.

“బండి బంగారం! రోటరే లేదు. బొటనవేలంత ముక్క, అది లేకపోతే నిప్పురవ్వ పుట్టదు. మా రోజుల్లో దొంగల భయానికి తీసి దాచుకునేవాళ్లం. దానంతటది ఊడదు. ఎవరో తీశారు.”

వాల్టర్ మెల్లగా భార్య వైపు తిరిగాడు.

“మ్యూరియెల్, కొంపదీసి నువ్వు గానీ...”

“దేవుడి మీదొట్టు! నాకు తెలిసుంటే మొదటిరోజే పీకేసేదాన్ని!”

“పద్నాలుగు నెలలుగా ఏడుస్తున్నది నువ్వేగా?”

“పోనిద్దురూ,” అన్నాడు సిడ్. “నా దగ్గర ఇంకోటుంది, బిగించేస్తా. ఏడ్రియన్, ఇవాళ క్లబ్బుకి నువ్వే నడుపుతున్నావ్!”

మ్యూరియెల్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నువ్వైనా చెప్పరా! నేను తీశానా?”

కారు కింద పరిచిన అట్ట మీద ఒక ఆయిలు చుక్క పడింది. చాలాసేపటికి ఇంకోటి పడింది. మూడోది కూడా పడింది.

“జేబులో ఉందమ్మా, నాకూ భయమే.”