యానాం ఠాణాలో సంపూర్ణమ్మ ఫిర్యాదు

ఆ రోజుల్లో గౌతమి దాటితే పరదేశమే. యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది. మిషన్ బడి పంతులు రాజరత్నం, భార్య సంపూర్ణమ్మ చుట్టాలింట పెళ్లికని ఎదుర్లంక రేవులో చీకటిపడే వేళ పడవెక్కారు.

పడవలో ఆమె పక్కనే కూర్చున్న భర్త యానాం రేవులో దిగేసరికి లేడు. నీళ్లలో పడిన చప్పుడు ఎవరూ వినలేదు. పడవవాడు లాంతరెత్తి ఎంత పిలిచినా నది మీంచి బదులు రాలేదు.

"ఇది పరాసు దొరల ఊరమ్మా. ముందు ఠాణాలో చెప్పండి" అని దారి చూపించాడు.

ఠాణాలో ముసలి జవాను ఒక్కడే ఉన్నాడు. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పింది.

"ఆయన పేరేంటమ్మా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె భర్త పేరు పైకి అనలేదు. ఇప్పుడు అనకపోతే ఆయన్ని ఎవరూ వెతకరు.

"రాజరత్నం గారండి."

జవాను తలెత్తి, ఆమె భుజం మీదుగా బయటి చీకట్లోకి చూశాడు.

"ఎలా ఉంటారు?"

"పొడగరి అండి. తెల్లకోటు వేసుకున్నారు. ఎడమ కనుబొమ మీద గాటుంటుంది."

ఒక్కో గుర్తుకీ జవాను అటే చూస్తూ తలాడించాడు.

"మరి తడిబట్టలతో ఆయన్ని వాకిట్లో నిలబెట్టారేంటమ్మా? లోపలికి రమ్మనండి."

వెనక ఏ అలికిడీ లేదు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరేమోనని ఆమెకు భయం వేసింది. ఉంటారేమోనని కూడా భయం వేసింది.

ఆమె తిరగలేదు. గుమ్మానికి ఒక పక్కగా ఒదిగి, దారి ఇచ్చింది.