ఆంబ్రోస్ ఒప్పుకున్నాడు

"ఆంబ్రోస్ ఒప్పుకున్నాడు!"

ఫోన్లో వినిఫ్రెడ్ అంత గట్టిగా అరవగలదని టామ్సిన్ ఎప్పుడూ అనుకోలేదు. ఆదివారం వస్తే గంటసేపు నోరు విప్పకుండా ప్రార్థనలో కూర్చునే, యుద్ధమంటే పడని క్వేకర్ క్రైస్తవుల్లో పెద్దావిడ ఆవిడ.

"నిజంగానా? ఏం చేస్తే ఒప్పుకున్నారు?"

"మడతకుర్చీ ఇస్తామన్నాం. ఆ ముక్క ముందే తట్టి ఉంటే చలికాలమంతా కలిసొచ్చేది. సరే, విను. రేపు పదింటికి ఫ్యాక్టరీ నుంచి క్షిపణుల లారీలు బయల్దేరతాయట. అంతకంటే ముందే మనం గేటు ముందు రోడ్డు మీద కూర్చోవాలి. అన్నట్టు, పోలీసులకి ఎవరో ఒకరు చెప్పాలి. చాటుగా చేసే అలవాటు మనకి లేదుగా."

"నేను చూసుకుంటాలెండి," అని ఫోన్ పెట్టేసి, టామ్సిన్ నడవాలోనే రెండు గంతులు వేసింది. పెళ్ళయి మూడు వారాలు. ఈ మధ్య ఆమెకి గంతులెయ్యడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. టోస్టు సరిగ్గా కాలినా చాలు.

వంటింట్లో డెస్మండ్ రొట్టెకి వెన్న రాస్తున్నాడు. వెనక అలమారలో పెళ్ళికి క్వేకర్ మిత్రులిచ్చిన టీపాట్లు ఐదున్నాయి. ఎవరికి వాళ్ళే కొన్నా, ఆడంబరం లేనిది కావాలని అందరూ అదే మట్టిరంగుది కొన్నారు. డెస్మండ్ స్నేహితులు చందాలేసుకుని కొన్న కెటిల్ మాత్రం ఈల వేసిందంటే వీధి చివరిదాకా వినబడుతుంది.

"ఆంబ్రోస్ ఒప్పుకున్నాడు!"

కత్తి ఆగిపోయింది. "రేపని మాత్రం అనకు."

"రేపే!"

రేపు ఇద్దరికీ సెలవు. పెళ్ళయ్యాక ఇద్దరి సెలవూ ఒకే రోజు పడటం ఇదే మొదటిసారి. మోర్‌కాంబ్ వెళ్ళి, సముద్రం ముందు కూర్చుని, వెన్నలో ముంచిన చిట్టి రొయ్యలు రొట్టె మీద వేసుకుని తినాలని వారం నుంచీ ఇంట్లో ఇదే కబురు.

"రొయ్యలెక్కడికీ పోవులే," అంది టామ్సిన్. "పోయేవి ఆ క్షిపణులు. ఎవరి వంటింటి మీద పడతాయో, ఏమో."

డెస్మండ్ చేతిలో రొట్టెముక్కని పళ్ళెంలో పెట్టి, "ఇంతకీ ఆ పెద్దాయన ఇన్నాళ్ళూ ఎందుకు బిగదీశాడు?" అన్నాడు.

"అయ్యో, నీకు చెప్పలేదూ! మాలో ఓట్లుండవు కదా. అందరి మనసూ ఒకటయ్యేదాకా మౌనంగా కూర్చోవడమే. అందరూ సరేనన్నారు. ఆంబ్రోస్ ఒక్కరే లేచి, 'నా బరువు చూశారుగా. నన్ను రోడ్డు మీంచి ఎత్తాల్సింది ఎవరు? పాపం, పోలీసు కుర్రాళ్ళు. వాళ్ళ నడుములు విరిగితే అది హింస కాదా?' అన్నారు. హింస అన్నాక ఇంకేముంది! చలికాలమంతా అలా కూర్చున్నాం. ఇప్పుడాయన రోడ్డు పక్కన కుర్చీలో కూర్చుని అందరికీ టీ పోస్తారు."

"మహానుభావుడు," అన్నాడు డెస్మండ్ మనస్ఫూర్తిగా. చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. "కిందటేడు ఆ గేటు దగ్గర పట్టేసింది, ఇప్పటిదాకా వదల్లేదు."

"నువ్వూ వస్తావుగా?"

"నువ్వక్కడుంటే నేనెక్కడికి పోతాను? ఎంతమంది కూర్చుంటున్నారు?"

"ఇరవైమందిమి."

"ఏ గేటు?"

"వెనక గేటు. ముగ్గురికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది."

"వాళ్ళని చివర్లో కూర్చోబెట్టండి, లేపడం తేలిక. నువ్వు మందపాటి ప్యాంటు వేసుకో, ఆ తారు మంచుగడ్డలా ఉంటుంది. ఎత్తేటప్పుడు బిగుసుకోకు, తడిబట్టలా వేలాడు. వ్యాన్లో ఎడమ బెంచీ జోలికి పోకు, స్ప్రింగు పైకొచ్చింది. స్టేషన్లో టీ ఇస్తే తాగకు. గిన్నెలు కడిగిన నీళ్ళు నయం."

"అబ్బో! ఎన్నిసార్లు ఎక్కావేంటి ఆ వ్యాను?"

"లెక్కెక్కడ పెట్టుకుంటాం!"

టామ్సిన్ పకపకా నవ్వింది. అంతలోనే మొహం వాడిపోయింది. కుర్చీ లాక్కుని కూలబడింది.

"నాకు కావాల్సింది రొయ్యలు కాదు, డెస్. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నీతో ఒక్కరోజు. పెళ్ళిరోజు కూడా మనం మాట్లాడుకుందెక్కడ?"

నిజమే. పెళ్ళి కూడా మౌనంలోనే జరిగింది. పాస్టర్ లేడు, పాట లేదు. వెనక బెంచీలో డెస్మండ్ స్నేహితులు వరసగా కూర్చున్నారు, అందరి బూట్లూ ఒకేలా తళతళా మెరుస్తూ. అంత నిశ్శబ్దం చూసి, ఏదో జరగబోతోందన్నట్టు గంటసేపు తలుపు వైపే చూశారు పాపం.

డెస్మండ్ వెన్న వేలితో ఆమె ముక్కు మీద చుక్క పెట్టాడు. "పిచ్చిదానా, రేపు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒకచోటే ఉంటాం కదే. ఈ రొట్టెలు కూడా పట్టుకెళ్దాం."

"వ్యాన్లో తిననిస్తారా?"

"నేను మాట్లాడతాగా."

మళ్ళీ ఫోన్ మోగింది. వినిఫ్రెడే.

"అమ్మాయ్, పోలీసుల సంగతి మర్చిపోలేదు కదా?"

టామ్సిన్ నవ్వాపుకుంటూ ఫోన్ తీసుకెళ్ళి డెస్మండ్ చేతిలో పెట్టింది.

అతను గొంతు సవరించుకున్నాడు. "వినిఫ్రెడ్ గారూ, నా సెలవు మానుకుని, మా పెళ్ళికొచ్చిన కానిస్టేబుళ్ళందర్నీ వెంటేసుకుని రేపు పదింటికి వచ్చి మిమ్మల్ని మర్యాదగా అరెస్టు చేస్తాం గానీ, మా ఆవిణ్ణి మాత్రం ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను, నేనే ఎత్తుకెళ్తాను."