చేత్తో పోసిన ఊపిరి

“రాయనిది చేయనట్టే,” అన్నాడు పెద్ద డాక్టరు చిపేట, కేసు ఫైలు మీద వేలితో కొడుతూ.

కొత్త డాక్టర్లందరూ తలలూపారు.

“రెండోది. కేసు పడితే బయటివాళ్ల దగ్గర నోరు విప్పకండి. ఏ మాటన్నా మీ మెడకే చుట్టుకుంటుంది.”

ఆలస్యంగా రాస్తే ఆలస్యమనే రాయాలని ఆయన అంటుండగానే, న్సిమా సంకటి చల్లారిపోతుందని అందరూ భోజనానికి లేచారు.

ఆ కొత్త డాక్టర్లలో ఒకామె తియమికేకి మాత్రం భోజనం మీదికి మనసు పోలేదు. మొన్నామధ్య పిల్లల వార్డులో ఒక బాబు పోయాడు. కరెంటు పోయి ఆక్సిజన్ యంత్రం ఆగితే, ఊపిరి అందించే గాలిసంచిని సాయంత్రం దాకా తను చేత్తో నొక్కుతూనే ఉంది. రెండు చేతులూ సంచి మీదుంటే కలం ఎవరు పట్టుకుంటారు? ఫైల్లో ఒక్క ముక్క లేదు. జోహన్నెస్‌బర్గ్ గనుల నుంచి పరిగెత్తుకొచ్చిన తండ్రి కేసు పెట్టాడు.

“ఇప్పుడు రాసేయ్,” అంది తోటి డాక్టరు లుసుంగు. “చేత్తో అని మాత్రం రాయకు. యంత్రం ఎందుకాగిందని పీక్కుతింటారు.”

‘యంత్రం ఆగకుండా నడిచింది’ అని పాత తేదీ వేసి రాసింది తియమికే.

తలెత్తితే, గుమ్మంలో చితెంజె గుడ్డ చుట్టుకున్న ముసలావిడ.

“డాక్టరమ్మా, ఆ బాబు సంగతి ఒక్క మాట...”

“నాతో కాదవ్వా. ఆఫీసులో చెప్పండి.”

“రాసిమ్మంటున్నారు తల్లీ. నాకు రాత రాదు.”

“అయితే నన్నేం చేయమంటారు? వెళ్లండి.”

మర్నాడూ వచ్చింది. ఈసారి కాపలావాడే గేటు దగ్గర ఆపేశాడు. అలా ఆపమని చెప్పింది తియమికేనే. పాఠం అంత బాగా ఒంటబట్టింది మరి.

వైద్య మండలి విచారణలో అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు.

“ఆ రోజు సాయంత్రం దాకా ఊళ్లో కరెంటే లేదు. యంత్రం దేంతో నడిచిందమ్మా?”

“చేత్తో ఊపిరి ఇచ్చాను సార్. భయపడి అలా రాశాను.”

“అబద్ధం రాసినదానివి, ఈ మాటెలా నమ్మను? చూసినవాళ్లున్నారా?”

“తెలీదు సార్. బాబు ముఖం తప్ప నాకేం కనపడలేదు.”

లైసెన్సు పోయింది. ఇక ఈ జన్మకి డాక్టరు కాదు.

వరండాలో బాబు తండ్రి ఎదురయ్యాడు. ముఖంలో కోపం లేదు, ఒట్టి అలసటే.

“డాక్టరు చెయ్యి ఆగలేదని మా అత్తగారు మొత్తుకున్నారు. మీ కాగితంలో యంత్రమని ఉంది. ఆవిడకే మతి తప్పిందనుకున్నాను.”

“ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?”

“పోయిన వారమే మట్టిచేశాం. మీ తరఫున చెప్తానని రెండుసార్లు మీ దగ్గరికొచ్చారట.”

తియమికేకి అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నమంతా మంచానికి అవతల కూర్చుని, బాబు తల పక్కకి వాలకుండా పట్టుకున్న రెండు చేతులూ తను గేటు దగ్గర్నుంచి తరిమించిన ఆ అమ్మమ్మవి.