పొంగిపోయిన టీ

"అయ్యో, ఆ గిన్నె ముట్టుకోకండి! ఇప్పుడే తోమి బోర్లించాను."

అమ్మాయి కేకకి పెద్దామె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సెలవులకి లేడీస్ హాస్టల్ ఖాళీ అయింది. అందరూ బ్యాగులు సర్దుకుని ఇళ్ళకి పోతున్న రోజే, మందుల షాపులో కొత్తగా చేరిన ఈ అమ్మాయి పెట్టెతో దిగింది. పోవడానికి ఆమెకి ఇల్లంటూ లేదు.

వార్డెన్ కూడా ఊరికి బయల్దేరే హడావుడిలోనే ఉంది. వంటగది తాళంచెవి అమ్మాయి చేతిలో పెట్టింది.

"వంటక్క ఊరెళ్ళింది. వచ్చేసరికి వంటగది అద్దంలా ఉండాలి. మరక కనిపించిందా, ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆవిడ వద్దంటే నీకు గది ఇవ్వలేను."

అప్పట్నుంచి అమ్మాయికి అదే గుబులు. పొయ్యి తోమింది, గోడలు తోమింది. రొట్టె తిన్నా సింకు మీదికి వంగే తింటోంది, పొడి కింద రాలకుండా.

వెనక గదిలో ఉండే ఈ పెద్దామె మాత్రం రోజూ వచ్చి పొయ్యి పక్క స్టూలు మీద కూర్చునేది. డబ్బాల మూతలు తీసి చూసేది.

"మీరు ఊరెళ్ళలేదా పిన్నిగారూ?"

"ఊరెక్కడికి పోతుందిలే! రోజూ ఆ ఎండు రొట్టేనా? వేడిగా ఏమన్నా వండిపెట్టనా?"

"వద్దు బాబోయ్! నూనె చిందితే వంటక్క నన్ను బతకనివ్వదు."

"అంత గయ్యాళిదా?"

"రాక్షసే అనుకోండి."

పెద్దామె నవ్వబోయి, స్టూలు మీద లేని దుమ్ము దులిపింది.

మర్నాడు పొయ్యి నిండా టీ మరకలు. గట్టు మీద రెండు ఖాళీ కప్పులు.

అమ్మాయి ఒంటికాలి మీద లేచింది. "మీకేం పోయింది! రోడ్డున పడేది నేను!"

"నిన్ను పిలవడానికి పైకొచ్చేలోపు పొంగిపోయిందమ్మా. తుడిచేస్తాలే..."

"మీరేం తుడవక్కర్లేదు. ఇటు రాకండి చాలు."

ఆ రోజు నుంచి తను లోపలుంటే వంటగది తలుపుకి గడియ, బయటికెళ్తే తాళం. రొట్టె తింటుంటే అప్పుడప్పుడు చెప్పుల చప్పుడు తలుపు దాకా వచ్చేది. కాసేపు ఆగి వెనక్కి పోయేది.

సెలవులు అయిపోయాయి. పొద్దున్నే పెద్దామె గళ్ళ సంచీ పట్టుకుని పెరటి గేటులోంచి వెళ్ళిపోవడం కిటికీలోంచి కనిపించింది. పీడా పోయింది అనుకుంది అమ్మాయి.

మధ్యాహ్నానికి హాస్టల్ నిండిపోయింది. వీధి గేటు దగ్గర ఒకటే కేకలు.

"వంటక్క వచ్చేసింది!"

అమ్మాయి గబగబా పొయ్యి ఇంకోసారి తుడిచి, తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"ఊళ్ళో అందరూ బాగున్నారా అక్కా?"

"బాగున్నారే! ఇంకో రెండ్రోజులుండమని ఒకటే గొడవ. నన్ను వదిలితేనా!"

అంటూ ఆడపిల్లల గుంపును తప్పించుకుని, పొద్దున పెరటి గేటు దాటిన గళ్ళ సంచీతోనే, పెద్దామె వంటగదిలో అడుగుపెట్టింది.