ఆఖరి కేక

పాట సగంలో ఉండగా స్టూడియో తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికొచ్చింది.

డ్రమ్స్ ఆగాయి. గిటార్లు ఆగాయి. సెరీ హెడ్‌ఫోన్స్ తీసి విసురుగా బల్లమీద పడేశాడు.

"ఎవరమ్మా నువ్వు? బయట ఎర్రదీపం వెలుగుతుంటే కనపడలేదా?"

ఆవిడ దగ్గర పొగబెట్టిన చేపల వాసన వస్తోంది. తలకు చుట్టుకున్న గుడ్డ చెమటకి తడిసిపోయింది. ఎండలో చాలా దూరం నడిచినట్టుంది.

"ఇస్సియాకా పాట పాడేది నువ్వేనా నాయనా?"

సెరీ కోపం కాస్త తగ్గింది.

ఆబిజాన్ నగరంలో ఆ పాట తెలియనివాళ్ళు లేరు. రొట్టె ధర పెంచారని జనం వీధికెక్కిన రోజున సైనికుల తూటాకి నేలకొరిగిన ఇస్సియాకా అనే పిల్లవాడి పాట అది. సెరీ యోపుగోన్ పేటలో ఆరుబయట ఒకసారి పాడితే, జనం ఫోన్లలోకి ఎక్కించుకుని ఊరంతా పంచారు. రేడియోవాళ్ళు మాత్రం దాని జోలికి పోలేదు. పైనున్న వాళ్ళకి సూటిగా తగలాలని సెరీ దాన్ని ఫ్రెంచిలోనే రాశాడు. రాబోయే ఆల్బమ్‌కి ప్రాణం ఆ పాటే.

"నేనే పెద్దమ్మా. చెప్పు."

"అందులో ఆ కేక తీసెయ్యి."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

'స్వేచ్ఛ!' అంటూ పిల్లవాడు పెట్టిన ఆఖరి కేక అది. అక్కడ వాద్యాలన్నీ ఆగిపోతాయి. సెరీ ఒక్కడే గొంతు చించుకుంటాడు. ఆ చోట జనానికి వాళ్ళకి తెలియకుండానే పిడికిళ్ళు పైకి లేస్తాయి.

"ఎందుకు తియ్యాలి?"

"వాడు అరవడు."

డ్రమ్ములు వాయించే టాపే పకపకా నవ్వాడు. "అరవడు కాదే తల్లీ, అరవలేదు అనాలి. ఫ్రెంచి నేర్చుకుని రాపో!"

ఆవిడ బజారులో జూలా భాష మాట్లాడుకునే మనిషి. ఫ్రెంచి ముక్కలు ముక్కలుగా వస్తోంది. మళ్ళీ అదే మాట అంది. "అరవడు."

వాద్యబృందం వ్యవహారాలు చూసే అక్పా మాత్రం నవ్వలేదు. సెరీ చెవిలో ఊదాడు. "అన్నా, ఇంకా అర్థం కాలేదా? పాటలో పస పీకెయ్యమని పైవాళ్ళు పంపారు. వాళ్ళు వస్తే తంతామని ఆడమనిషిని తోలారు."

సెరీ కళ్ళు చిన్నవయ్యాయి.

"కాల్చినప్పుడు నువ్వక్కడ ఉన్నావా?"

"లేను. బజార్లో ఉన్నా."

"చూడలేదుగా! మరి అరవలేదని నీకెలా తెలుసు?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. అంతలో టాపే వీడియో తీస్తూ ఫోను ఆవిడ మొహమ్మీద పెట్టాడు.

"ఇటు చూసి చెప్పు. నిన్నెవరు పంపారు?"

ఆవిడ హడలిపోయింది. తలగుడ్డ కిందికి లాక్కుని మొహం కప్పుకుంది.

"ఫోను దించు నాయనా. నాకు ఇంట్లో పిల్లాడున్నాడు."

"వాడికి ఉద్యోగం వేయిస్తామన్నారా?"

గదంతా గొల్లుమంది.

సెరీ తనే ఆవిడ జబ్బ పట్టుకుని గుమ్మం దాటించాడు. "పెద్దదానివని ఊరుకుంటున్నా. మళ్ళీ ఈ చుట్టుపక్కల కనపడకు."

తలుపు మూసుకుంది. పాట మళ్ళీ మొదలైంది. ఆ పూట కేక మరీ బాగా వచ్చిందన్నారు అందరూ.

'పాటని చంపడానికొచ్చిన గూఢచారి' అని పేరు పెట్టి టాపే ఆ వీడియోని జనంలోకి వదిలాడు. సెరీ చూశాడు. వద్దనలేదు.

ఆల్బమ్ వచ్చింది. టాక్సీల్లో, మంగలి షాపుల్లో, వేపుడు చేపల బడ్డీల దగ్గర ఎక్కడ చూసినా అదే. పారిస్ నుంచి కూడా పిలుపులొచ్చాయి. జనం పోరు పడలేక సర్కారు చివరికి కాల్పుల మీద విచారణ పెట్టింది.

సెరీ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

సైనికుడు తొణక్కుండా చెప్పాడు. "ఆగమని అరిచాం. ఆగలేదు. పైగా కేకలు పెట్టి జనాన్ని మా మీదికి ఉసిగొల్పాడు. ప్రాణభయంతో కాల్చాం."

"కేకలు పెట్టాడనడానికి సాక్ష్యం?" అడిగాడు న్యాయమూర్తి.

సైనికుల వకీలు లేచి ఫోను నొక్కాడు.

గది నిండా సెరీ గొంతు. వాద్యాలు ఆగాయి. 'స్వేచ్ఛ!'

"ఈ గొంతు మా పక్షం మనిషిది కాదు కదా," అన్నాడు వకీలు. "అరిచాడని వాళ్ళే పాడుతున్నారు. దేశమంతా పాడుతోంది."

కాదనడానికి కుర్రాడి తరఫున ఒక్క మనిషీ రాలేదు.

సైనికుల్ని వదిలేశారు. బయటికి పోతూ ఒకడు సెరీ పక్కనుంచి ఆ పాటే కూనిరాగం తీసుకుంటూ వెళ్ళాడు.

సెరీ అక్కణ్ణుంచి తిన్నగా ఆబోబో పేటకి వెళ్ళి, ఆ వీధినీ ఈ వీధినీ అడుగుతూ ఇస్సియాకా ఇల్లు పట్టుకున్నాడు. రేకుల ఇంటి వాకిట్లో పిల్లవాడి పెదనాన్న ఒక్కడే టీ కాచుకుంటున్నాడు.

"వాళ్ళమ్మని విచారణకి ఎందుకు పంపలేదు పెద్దాయనా? ఆమె వచ్చి ఒక్క మాట చెప్పుంటే..."

ముసలాయన తల ఎత్తి సెరీని గుర్తుపట్టాడు.

"చెప్పాలనే అనుకుంది. ముందు నీ దగ్గరికే వచ్చింది."

"నా దగ్గరికా?"

"మీరు వదిలిన వీడియో చూసి, అడ్జామే బజార్లో నీ పాట పాడే కుర్రాళ్ళే ఆమె చేపల బల్ల తిరగేశారు. ఇంటికి నిప్పు పెడతామన్నారు. మిగిలిన ఒక్క కొడుకునీ తీసుకుని సరిహద్దు దాటి పోయింది. ఎక్కడుందో మాకూ తెలీదు. అది చూశాక విచారణకి రావడానికి మాలో ఎవరికీ ధైర్యం చాల్లేదు."

సెరీ గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"ఏం... ఏం చెప్పాలని వచ్చింది?"

ముసలాయన పొయ్యి మీది గిన్నె దించాడు.

"మా ఇస్సియాకాకి పుట్టుచెవుడు, మూగ కదా నాయనా... ఆగమంటే వాడికి వినపడదని, వాడు పుట్టి బుద్ధెరిగి ఒక్క కేకా పెట్టలేదని చెప్పడానికి, కన్నతల్లి కాక ఇంకెవరొస్తారు?"